రికార్డు మీది, తాళంచెవి వాళ్లది

కేబుల్ బాక్సుతో ఇచ్చే రిమోట్ నిండా బటన్లే. అందులో అయిదారింటినే దేశమంతా వాడుతుంది. ఆన్, ఆఫ్, సౌండు, చానల్ మార్పు, వార్తల్లో చర్చ ముదిరి పాకాన పడ్డప్పుడు మ్యూట్. మిగిలినవన్నీ ప్లాస్టిక్ కవరు కింద అచ్చు చెరగకుండా, రంగు పోకుండా, రిటైరయ్యే దాకా పని పడని గెజిటెడ్ అధికారుల్లా హాయిగా కాలక్షేపం చేస్తుంటాయి. వాటిలో ఎర్ర చుక్కతో ఒకటుంది. రికార్డు బటన్. బాక్సు అట్టపెట్టె మీద దీని గురించి కొండంత రాగం తీస్తారు. నచ్చిన కార్యక్రమాన్ని నచ్చినప్పుడు చూసుకోవచ్చట. ఆ మాట నమ్మి విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గృహస్థు ఒక పెన్‌డ్రైవు, ఒక బేసిక్ ప్యాకు, కాస్త ఆత్మవిశ్వాసం చేతబట్టుకుని టీవీ వెనకాల దూరాడనుకుందాం. ఇలాంటివాళ్లు ప్రతి వీధికీ ఒకరుంటారు గనక పేరు పెట్టక్కర్లేదు.

అతనికి వచ్చిన అవసరం చిన్నదే. బంధువుల ఇంట్లో పెళ్లి. ముహూర్తం రాత్రి. అత్తగారు వెళ్లక తప్పదు. ఆవిడ సీరియల్ ఏడున్నరకి. ఆ రోజే సీరియల్లో కోడలు గర్భవతి అన్న సంగతి బయటపడబోతోందని ముందురోజు ప్రోమోలో ఉరుములతో సహా చూపించారు. "అల్లుడుగారూ, మీరు కంప్యూటర్లు చదివారు కదా, ఇదేదో రికార్డు చేసి పెట్టండి" అన్నారు అత్తగారు. అల్లుడన్నవాడు కాదనలేని కోరికలు కొన్నుంటాయి. ఇది వాటిలోకెల్లా ప్రమాదకరమైనది. ఎందుకంటే ఇందులో అతని చదువుని కూడా పణంగా పెట్టారు.

ఇలాంటి పనికి ఒకప్పుడు చదువు అక్కర్లేదు. గోడకి కన్నం పెట్టి కేబుల్ వాడు ఒక నల్ల తీగ లోపలికి తోసేవాడు. అది టీవీ వెనక దూరితే చానళ్లొచ్చేవి. వీసీఆర్‌లో దూర్చి, అక్కణ్ణుంచి టీవీకి పెడితే రికార్డయ్యేది. క్యాసెట్టు మీద బాల్‌పెన్నుతో పేరు రాసి పక్కింటికిచ్చినా పనిచేసేది. దాని మీదే తర్వాత ఎవరి ఉపనయనమో ఎక్కేది, అది వేరే సంగతి. తర్వాత దేశానికి మంచిరోజులొచ్చాయి. 2011 చివర పార్లమెంటు కేబుల్ చట్టాన్ని సవరించింది. ఇకపై తీగలో వచ్చేదంతా డిజిటల్, అంతా తాళం వేసి రావాలి, తాళం తీసే బాక్సు ఇంటింటా ఉండాలి. నాలుగు మహానగరాలకి 2012 అక్టోబరు 31, హైదరాబాదు, విశాఖపట్నం సహా 38 నగరాలకి 2013 మార్చి 31, ఆ తర్వాత మిగతా పట్టణాలు, ఆఖరికి పల్లెలకి 2017 మార్చి 31. ఇలా విడతల వారీగా గడువులు పెట్టి మరీ దేశాన్ని బాక్సులో పెట్టారు. బొమ్మ స్పష్టంగా వస్తుందన్నారు, వచ్చింది. చానళ్లు వందల్లో వస్తాయన్నారు, వచ్చాయి. ఎన్ని కనెక్షన్లున్నాయో లెక్క తేలుతుందన్నారు. తేలింది, దాంతో పన్నూ పెరిగింది. ఆ నల్ల తీగని మనకు తోచిన యంత్రంలో దూర్చుకునే స్వేచ్ఛ పోతుందని మాత్రం ఏ కరపత్రంలోనూ వేయలేదు. బహుశా స్థలం చాలలేదేమో.

స్వేచ్ఛ పోయిన చోట 2019లో మరో స్వేచ్ఛ పెట్టారు. ఎంపిక స్వేచ్ఛ. నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి కొత్త ధరల విధానం ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తీగలో నుంచి బొమ్మ మీ ఇంటికి నడిచొచ్చినందుకు 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు. దీనికి వంద చానళ్లు ఇస్తామన్నారు. అందులో 25 దూరదర్శన్‌వి తప్పనిసరి. మిగతా 75 చోట్ల ఉచిత చానళ్లు నింపుకోవచ్చన్నారు. అంటే భక్తి, బెల్లీ ఫ్యాట్ తగ్గించే బెల్టు, రాళ్ల ఉంగరం, మళ్లీ భక్తి. ఉచిత చానల్ చూడ్డానికి 153 రూపాయల 40 పైసలు ఎందుకని అడక్కూడదు. చానల్ ఉచితం, అది నడిచొచ్చిన దారికే సుంకం. అత్తగారి సీరియల్ వచ్చేది మాత్రం పే చానల్. దాని ధర వేరు. గుత్తగా ఇచ్చే మూటలో చేర్చాలంటే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదని నియమం పెట్టారు. దాటకూడదంటే చేరుకోవచ్చని అర్థం చేసుకున్న పెద్ద చానళ్లు సరిగ్గా అక్కడికే వెళ్లి కూర్చున్నాయి. బాటా చెప్పుల ధరకున్నంత కచ్చితత్వం! విడిగా ఒక్కోటీ కొంటే ఖరీదు, మూటలో కొంటే చౌక. ఆ మూటలో మీకు అక్కర్లేని పిల్లల చానలు, మీకు రాని భాషలో సినిమా చానలు ఉంటాయి. 2020లో అదే 130కి రెండొందల చానళ్లన్నారు. 2024లో 130 అన్న హద్దే ఎత్తేసి, పంపిణీదారులే ఎంతో చెప్పమన్నారు. ఎంపిక మనదేనన్న మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడే ఉన్నారు.

మనకి నచ్చిన చానళ్లు టిక్కు పెట్టి జాబితా ఇద్దామని మన గృహస్థు కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేశాడు.

"జాబితాలెందుకండీ, మూడొందల యాభై ప్యాకుంది. మొత్తం వస్తాయి."

"మొత్తం అక్కర్లేదయ్యా, నాకు ఏడెనిమిది చాలు."

"ఏడెనిమిది ఏరి పెడితే నాలుగొందలవుద్దండి."

దీన్నే ఆర్థికశాస్త్రంలో వినియోగదారుడి సార్వభౌమత్వం అంటారు. అతను మూడొందల యాభైకి తలొగ్గి అసలు సంగతి అడిగాడు. "ఈ బాక్సులో రికార్డింగ్ వస్తదా?"

"ఎందుకు రాదండీ? పెన్‌డ్రైవ్ పెట్టండి, వస్తది." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఇంతవరకూ ఎవరూ అడగలేదండి" అన్నాడు. ఆ రెండో మాట దగ్గర మన గృహస్థు ఫోన్ పెట్టేసి మాట్లాడకుండా పడుకోవాల్సింది.

బాక్సు వెనక ఒక చిన్న లోకం. ఎరుపు, పసుపు, తెలుపు మొనలున్న పాత తీగలు, పక్కన హెచ్‌డీఎంఐ, ఆ పక్కన కేబుల్ తీగ, దాని మెడకి ఎప్పుడో చుట్టిన ఇన్సులేషన్ టేపు. వీటన్నిటి మీదా 2016 నాటి దుమ్ము. యూఎస్‌బీ నోరు మాత్రం ముందువైపుంటుంది, ఎంత అందంగా ఉంటుందంటే దానికి రబ్బరు మూత కూడా ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న. దీన్ని ఫార్మాట్ చేయమంటారా? ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా? పెన్‌డ్రైవ్‌లో అమ్మాయి అన్నప్రాశన ఫొటోలున్నాయి. అవి ల్యాప్‌టాప్‌లోకి మార్చే పని మీద ఒక సాయంత్రం పోయింది. మర్నాడు ఫార్మాట్ అయ్యాక బాక్సు దాని వేగం కొలిచి పెదవి విరిచింది. ఈ పెన్‌డ్రైవ్ నెమ్మది, రికార్డింగ్‌కి పనికిరాదు. బజారుకెళ్లి ఇంకోటి కొన్నాడు. మామూలు బొమ్మయితే గంటకి ఒకటి రెండు జీబీ పడుతుంది, కాబట్టి 32 జీబీది ఉంటే అత్తగారి నెల రోజుల దుఃఖం పట్టేస్తుంది. ఈసారి బాక్సు సంతోషించింది. తెర మూల ఎర్ర చుక్క వెలిగింది. ఇంట్లో అందరూ వచ్చి చూశారు. మామగారు సైతం పేపరు దించారు.

ఇక టైమరు. ఏ కార్యక్రమం ఎప్పుడో చెప్పే గైడు అనేదొకటి ఉంటుంది. దాన్ని తెరిస్తే పెద్ద చానళ్లకి పేర్లుంటాయి. చాలావాటికి 'సమాచారం లేదు' అన్న ఒకే కార్యక్రమం ఇరవై నాలుగు గంటలూ ప్రసారమవుతూ ఉంటుంది. సీరియల్ మాత్రం దొరికింది. ఏడున్నర నుంచి ఎనిమిది. నొక్కాడు. బాక్సు ఒప్పుకుంది.

పెళ్లిరోజు రాత్రి ఏడు ముప్ఫై అయిదుకి ఇంట్లో ఉన్నది మామగారొక్కరే. ఆయనకి మోకాళ్ల నొప్పి, చర్చలంటే ప్రాణం. బేసిక్ బాక్సుకి లోపల ఉండేది ఒకటే ట్యూనరు, అంటే ఒకే కన్ను. ఒక చానల్ రికార్డవుతుంటే ఇంకో చానల్ చూడాలంటే రెంటి తరంగమూ ఒకటే అయ్యుండాలి, లేకపోతే రెండో కన్ను ఉన్న ఖరీదైన బాక్సు ఉండాలి. మామగారు వార్తా చానల్ నంబరు కొట్టారు. తెర మీద ఇంగ్లీషులో ప్రశ్నొచ్చింది. రికార్డింగ్ ఆపమంటారా? ఆయన అద్దాలు వేరే గదిలో ఉన్నాయి. ప్రపంచంలో ఏ యంత్రం ఏ ప్రశ్న వేసినా ఓకే కొట్టడం ఆయన పద్ధతి. కొట్టారు. అలా అయిదు నిమిషాల సీరియల్ రికార్డయింది. అందులో మూడు నిమిషాలు నిన్న జరిగినది, ఒక నిమిషం టైటిల్ పాట.

"ఒకే కన్ను ఉంటే పెట్టె మీద రాయాలి కదా" అని మన గృహస్థు నిలదీస్తే కేబుల్ అబ్బాయి తేలిగ్గా, "బాక్సు ఏం చేస్తదండీ, ఇంట్లో ఇద్దరుంటే?" అన్నాడు. అవును మరి. కుటుంబ వ్యవస్థ ఉన్నంతకాలం ఈ బాక్సు సరిగా పనిచేయదు.

రెండో ప్రయత్నానికి మామగార్ని గుడికి పంపించారు. ఈసారి స్విచ్ అడ్డొచ్చింది. రికార్డింగ్ జరగాలంటే బాక్సు కనీసం స్టాండ్‌బైలోనైనా ఉండాలి, ప్లగ్గు దగ్గర కరెంటు ఆగకూడదు. తెలుగింట్లో బయటికెళ్తూ టీవీ స్విచ్ గోడ దగ్గర ఆపకుండా వెళ్లడమంటే గ్యాసు సిలిండరు తెరిచిపెట్టి వెళ్లినంత నేరం. ఉరుములొస్తే బాక్సు కాలిపోతుంది, బిల్లు పెరుగుతుంది, అసలు ఎందుకు మండాలి ఆ లైటు? అత్తగారే వాకిట్లోకి వెళ్లి, చెప్పులు విప్పి, తిరిగొచ్చి ఆపారు. బాక్సు తయారుచేసే ఇంజినీరు ఎవరోగానీ అతనికి అత్తగారు లేరు.

ఆదివారం సినిమా సంగతి ఇంకా వింత. రెండున్నర గంటల సినిమా. ప్రకటనలు గంటకి పది నిమిషాలు, సొంత డబ్బా ఇంకో రెండు, మొత్తం పన్నెండు మించకూడదని కేబుల్ నియమాల్లో రాసి ఉంది. ఆ లెక్కన సినిమా మూడు గంటల ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి. గైడులో కూడా ఆరింటి నుంచి తొమ్మిదింపావు అనే ఉంటుంది. బాక్సు అమాయకంగా తొమ్మిదింపావుకి రికార్డింగ్ ముగించి పడుకుంటుంది. అప్పటికి విలన్ ఇంకా హీరో చెల్లెల్ని ఎత్తుకుపోతూ ఉంటాడు. పతాక సన్నివేశం పదింటికి. ఈ పన్నెండు నిమిషాల నియమం మీద చానళ్లు ఢిల్లీ హైకోర్టుకెళ్లి ఏళ్లు గడిచిపోయాయి. మన దేశంలో ప్రకటన కన్నా పొడుగ్గా సాగేది వ్యాజ్యమొక్కటే.

ఇంతవరకూ చెప్పినవన్నీ మనుషుల వల్ల, స్విచ్చుల వల్ల వచ్చిన చిక్కులు. ఓర్పుంటే దాటొచ్చు. మన గృహస్థు దాటాడు కూడా. టైమరుకి అటూ ఇటూ కాస్త సమయం కలిపి, స్విచ్ మీద 'ఆపవద్దు' అని కాగితం అంటించి, మామగారికి ఫోన్‌లో చర్చలు పెట్టిచ్చి, నెల తిరిగేసరికి పెన్‌డ్రైవ్ నింపాడు. ఒక రోజు ఆ పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి పెట్టాడు. ఫైళ్లు కనిపించాయి, పేర్లు కనిపించాయి, బరువు కనిపించింది, బొమ్మ రాలేదు. మేడ మీద వాటాలో అదే ఆపరేటర్ ఇచ్చిన అదే రకం బాక్సుంది. దానికి పెట్టాడు. అది ఫార్మాట్ చేయమంటారా అనడిగింది.

అసలు కథ ఇక్కడుంది. బాక్సు ఏది రికార్డు చేసినా తన ఒక్కదానికే తెలిసిన తాళం వేసి దాస్తుంది. ఆ తాళంచెవి దాని పొట్టలోనే ఉంటుంది. ఇంకో బాక్సుకి లేదు, కంప్యూటర్‌కి లేదు, డబ్బు కట్టిన మీకు లేదు. పిడుగు పడి బాక్సు పోయినా, ఆపరేటర్ 'పాతది కదండీ' అని కొత్తది మార్చినా ఆ నెల రోజుల సీరియలూ బూడిదే. కొన్ని బాక్సులైతే ప్యాకు గడువు తీరిపోతే మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాన్ని కూడా మీకు చూపించవు. మీరు కొన్న పెన్‌డ్రైవ్, మీ కరెంటు, మీ గోడ. అందులో ఉన్నది మాత్రం ప్రతి నెలా రీఛార్జ్ చేస్తేనే బతుకుతుంది.

మరి చట్టం ఏమంటోంది? మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ప్రసారసంస్థలకి తమ ప్రసారాల మీద 25 ఏళ్ల హక్కుంది. ఆ వెంటనే 39వ సెక్షన్లో, సొంత వాడకానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం ఆ హక్కుని ఉల్లంఘించినట్టు కాదని ఉంది. తిరుగులేని మాట. అత్తగారి పక్షాన పార్లమెంటే నిలబడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? ట్రాయ్ వారి 2017 నియమావళి వెనక ఒక షెడ్యూలుంది. అందులో, రికార్డింగ్ సౌకర్యమున్న ప్రతి బాక్సుకీ నకలు తీయడాన్ని అడ్డుకునే ఏర్పాటు ఉండి తీరాలని ఉంది. అంటే చట్టం ప్రకారం మీరు రికార్డు చేసుకోవచ్చు, నియమం ప్రకారం చేసుకున్నదాన్ని ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. పోనీ తాళం పగలగొడదామా? 2012లో అదే కాపీరైట్ చట్టంలో 65ఏ చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. చట్టం కాదనని పనికైతే ఆ సెక్షన్ అడ్డు కాదని అందులోనే ఉంది. మన అత్తగారి ఉద్దేశం కోడలు గర్భవతో కాదో తెలుసుకోవడమే. కానీ ఆ సంగతి జడ్జిగారికి చెప్పడానికి వకీలుని పెట్టుకోవాలి, ఆయన ఫీజు మూడొందల యాభై ప్యాకులో రాదు.

ఆ షెడ్యూలులో ఇంకో రత్నముంది. దాని పేరు ఫింగర్‌ప్రింటింగ్. అప్పుడప్పుడూ మీ టీవీ తెర మీద, కథానాయిక ముక్కు మీదో క్రికెట్ బంతి పక్కనో, ఒక పెద్ద అంకె మెరిసి మాయమవుతుంది చూడండి. అది మీ బాక్సు జాతకం నంబరు. మీరు బొమ్మని దొంగిలించి ఎవరికైనా పంపితే ఏ ఇంటి నుంచి వెళ్లిందో తెలియడానికి. అది బొమ్మకి అన్నిటికన్నా పైపొరలో రావాలట, రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా పోకూడదట, మెనూలోనూ గైడులోనూ ఆఖరికి ఖాళీ తెర మీద కూడా కనబడాలట. ఖాళీ తెరని దొంగిలించే దొంగ ఎవడో గానీ వాణ్ణి పట్టుకునే ఏర్పాటు మాత్రం పకడ్బందీగా ఉంది. గైడులో సీరియల్ వేళ సరిగ్గా ఉండాలన్న విషయంలో ఇంత పట్టుదల ఎక్కడా కనిపించదు. ఈ పహారా అంతా పైరసీని ఆపడానికే అంటారు. అసలు పైరసీ చేసేవాడికి మన బాక్సుతో పనేముంది? సినిమా హాల్లోకొచ్చిన నాటికే వాడి దగ్గర ఉంటుంది. వాడు ఏడున్నర సీరియల్ కోసం టైమరు పెట్టుకుని కూర్చోడు.

ఇంకో సంగతి. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ కోసం అమ్మే చవక బాక్సులు వరసగా పేర్చి ఉంటాయి. 2004 డిసెంబరు నుంచి నడుస్తున్న సేవ, నెలకి పైసా లేదు. కంపెనీ పేరు కూడా సరిగా లేని ఆ బాక్సుల్లో చాలా వాటికి పెన్‌డ్రైవ్ పెడితే చక్కగా రికార్డవుతుంది. తీసి కంప్యూటర్‌కి పెడితే ఆడుతుంది, పక్కింట్లో ఆడుతుంది. తాళమూ లేదు, జాతకమూ లేదు. డబ్బు కట్టనివాడికి ఉన్న ఈ సౌకర్యం నెలనెలా కట్టేవాడికి ఎందుకు లేదో ఏ షెడ్యూలూ చెప్పదు. అత్తగారి సీరియల్ అందులో రాదు, అదొక్కటే దాని లోపం. సప్తగిరిలో వచ్చే వ్యవసాయ కార్యక్రమాన్ని మాత్రం తరతరాలకి భద్రపరచుకోవచ్చు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఇది చదివి నవ్వనక్కర్లేదు. మీ దేశంలో వీసీఆర్ మీద సినిమా కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత చూడ్డం తప్పు కాదని 1984 జనవరిలో తీర్పొచ్చింది. అయిదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. ఒక్క ఓటు అటు పడుంటే టైమరనే మాటే పుట్టేది కాదు. 1999లో టీవో అనే రికార్డరు వచ్చి రికార్డింగ్‌ని పిల్లల ఆట చేసింది. అక్కడా కథ అలా సాగనివ్వలేదు. బేసిక్ చానళ్లకి తాళం వేయకూడదన్న పాత నియమాన్ని, పూర్తిగా డిజిటల్ అయిన కంపెనీలకి 2012 అక్టోబరులో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సడలించింది. దాంతో తీగని నేరుగా సొంత రికార్డరుకి తగిలించుకున్నవాళ్లు కంపెనీ బాక్సు అద్దెకి తెచ్చుకోవాల్సి వచ్చింది. సొంత యంత్రంలో పెట్టుకునే కేబుల్ కార్డు అనే తాళంచెవి ఒకటుండేది. దాన్ని ఇచ్చి తీరాలన్న నిబంధన 2020లో పోయింది. చూశారా, ఏడు సముద్రాల అవతల కూడా బాక్సు బుద్ధి ఒకటే. తేడా అల్లా, అక్కడ రికార్డింగ్‌కి నెలనెలా అద్దె తీసుకుంటారు, ఇక్కడ ఆశ పెట్టి ఊరుకుంటారు.

మన దగ్గరా తాళంచెవి సంగతి తలపెట్టకపోలేదు. ఏ ఆపరేటర్ బాక్సు అయినా ఏ ఆపరేటర్ దగ్గరైనా పనిచేసేలా ఉండాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ కేంద్రానికి సిఫార్సు చేసింది. దేశమంతా తలుపులేసుకుని టీవీ ముందు కూర్చున్న నెల అది. దూరదర్శన్ 1987 నాటి రామాయణాన్ని తీసి మళ్లీ వేస్తే జనం కళ్లకద్దుకున్నారు. మొదటిసారి వేసినప్పుడు ఆదివారం పొద్దున ఆ వేళకి ఇంట్లో లేనివాడికి, వీసీఆర్ కూడా లేకపోతే, ఆ భాగం అంతే సంగతులు. ఈ తిరుగు ప్రసారానికి ఒక మహమ్మారి రావలసొచ్చింది. సిఫార్సుకి ఇంకా వేళ రాలేదు. ఈలోగా బాక్సు ఇప్పటికీ పెట్టినింటికే నమ్మినబంటు, కొన్నవాడికి కాదు.

ఇంత తతంగం ఎవరికోసం? దొంగల భయం పైకి చెప్పే కారణం. రికార్డు చేసినవాడి చేతిలో ముందుకు తోసే బటనుంటుంది, వాడు సబ్బునీ సిమెంటునీ బంగారం తాకట్టునీ ఒక్క నొక్కుతో దాటేస్తాడు. అదీ అసలు భయం. చానల్ అమ్ముకునేది సీరియల్ కాదు, ఏడున్నరకి అత్తగారు కుర్చీలో కదలకుండా కూర్చుంటారన్న హామీని. ఆవిడ పదింటికి తీరిగ్గా, ప్రకటనలు తోసుకుంటూ చూస్తే ఆ హామీ ఎవరు కొంటారు? అందుకే, కేబుల్‌లో రికార్డు చేయడం ఎందుకమ్మా, మా యాప్ ఉందిగా అంటారు. యాప్‌కి వేరే చందా. అందులో ఇంకో మెట్టు పైది కొంటే, రేపు టీవీలో రావాల్సిన భాగం ఇవాళే చూపిస్తారు. గమనించండి, నిన్నటిది దాచుకోవడం నేరంలాంటిది, రేపటిది అమ్మడం వ్యాపారం. కేబుల్‌కి మూడొందల యాభై కట్టి కూర్చున్నవాడు ఇప్పుడు ఊరందరికన్నా ఒకరోజు వెనక ఉన్నాడు. డబ్బు కట్టి మరీ పాచి సీరియల్ చూస్తున్నాడు. తిలాపాపం తలా పిడికెడు. ఆపరేటర్‌ని అడిగితే తనకి సిగ్నల్ ఇచ్చే పైవాడు ఎంఎస్‌వో అంటాడు, ఎంఎస్‌వోని అడిగితే ప్రసారసంస్థ షరతు అంటాడు, ప్రసారసంస్థ నియమావళి చూపిస్తుంది, నియమావళి రాసినవాళ్లు అందరి అభిప్రాయాలూ తీసుకున్నామంటారు. అత్తగారిని ఎవరూ అడగలేదు.

ఆవిడ కూడా ఎవర్నీ అడగలేదు. అల్లుడి పెన్‌డ్రైవ్ ఆడదని తేలిన మర్నాడు ఆవిడ ఎదురువాటా అమ్మాయికి కబురు పెట్టారు. ఆ అమ్మాయి ఏడున్నరకి తన ఫోన్ టీవీకి ఎదురుగా, పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టింది. అరగంట సీరియల్, మధ్యలో కుక్కరు కూతలు, వాళ్లాయన దగ్గు, పిల్లాడు అడ్డంగా నడిచిపోవడం, అన్నీ కలిపి వాట్సాప్‌లో పంపింది. అత్తగారు ఇంకో పెళ్లింట్లో అప్పగింతల మధ్య ఒక మూల కూర్చుని చూశారు, చూసి పిన్నిగారికి పంపారు, పిన్నిగారు గుంటూరు పంపారు. ఫార్మాట్ అడగలేదు, వేగం కొలవలేదు, ఏ ఫోన్‌లో పెట్టినా ఆడుతోంది. ఇప్పుడు రోజూ ఇదే ఏర్పాటు, వంతులవారీగా. ఇవాళ ఎవరికి ఊరి ప్రయాణముంటే వాళ్ల కోసం రెండోవాళ్లు తీస్తారు. అంతా బాగానే ఉంది గానీ, మొన్నటి భాగంలో, కోడలు కళ్లు తిరిగి పడిపోయే చోట, ఆవిడ నుదుటి మీద సరిగ్గా బొట్టు పక్కన ఒక పొడుగాటి అంకె మెరిసింది. షెడ్యూలు పనిచేసింది. పైరసీ ఏ బాక్సు నుంచి మొదలైందో సాక్ష్యంతో సహా ఇప్పుడు విజయవాడ నుంచి గుంటూరు దాకా పదిహేను ఫోన్లలో ఉంది. పట్టుకోదల్చిన అధికారులెవరైనా ఉంటే సత్యనారాయణపురం వచ్చి ముద్దాయిల్ని కలుసుకోవచ్చు, కాఫీ కూడా ఇస్తారు. ఏడున్నరలోపు మాత్రం రావాలి, ఆ తర్వాత ఎనిమిదింటి దాకా ఎవరూ తలుపు తీయరు.